చెన్నై ఇళ్ళలో చెక్కపని తనిఖీ: చెమ్మ, కుళ్ళు, చెదలు, పుచ్చు పురుగు – తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలోని తెలుగు కుటుంబాల ఇళ్ళకు తనిఖీకి వెళ్ళినప్పుడు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పెరంబూరులో పాత ఇల్లయినా, వేళచ్చేరిలో కొత్త ఫ్లాటయినా మేం ముందు వెతికేది పురుగును కాదు, నీటిని. నేల చెదలకైనా, కుళ్ళుకైనా చెమ్మ కావాలి. ఆ చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తేల్చకుండా మందు కొట్టిస్తే డబ్బు ఖర్చవుతుంది, ఏడాది తిరిగేలోగా బాధ మళ్ళీ మొదలవుతుంది. పొడి చెక్కను తినే పురుగులు కూడా కొన్ని ఉన్నాయి. వాటి సంగతి కూడా కింద రాశాం.

తలుపు దగ్గర రోజూ పొడి రాలుతోంది. అది చెదా, పురుగా?

ముందు ఆ పొడిని ఊడ్చి పారెయ్యకండి. ఒక తెల్ల కాగితం మీదకు తీసుకుని వేళ్ళ మధ్య రాసి చూడండి. గరుకు ఏమాత్రం తగలకుండా మెత్తగా ఉంటే అది పుచ్చు పురుగు పని. ఆ చెక్క మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు కూడా కనిపిస్తాయి. అవి పురుగు లోపలికి వెళ్ళిన దారులు కావు, పెరిగి పెద్దదై బయటికి వచ్చేసిన దారులు. అంటే అది లోపల తినడం నెలల కిందటే మొదలైంది.

పొడి కాకుండా గసగసాల్లాంటి గింజలు కుప్పగా పడుతుంటే అవి పొడిచెక్క చెదల రెట్టలు. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో గింజకు ఆరు పలకలు కనిపిస్తాయి. ఈ చెదలకు నేలతో సంబంధం అక్కర్లేదు. మట్టి గొట్టాలు కట్టవు. 'మట్టి లేదు కదా, చెద కాదులే' అని చాలామంది వీటిని వదిలేస్తారు, ఈలోగా అవి బీరువాను లోపల్లోపలే తినేస్తాయి.

గోడ మీద, ద్వారబంధం పక్కన పెన్సిల్ మందాన మట్టి గొట్టాలు పాకి ఉంటే అవి నేల చెదలు. ఇవి తిన్న చెక్కకు పైన పెయింటు, పల్చటి పొర మాత్రం మిగులుతాయి. లోపల పొరలు పొరలుగా తినేసి మట్టి నింపి ఉంటాయి.

కుళ్ళు పట్టిన చెక్క నుంచి పొడి రాలదు. చెక్క రంగు మారుతుంది, మెత్తబడుతుంది. ఒక రకం కుళ్ళులో నిలువుగా, అడ్డంగా పగిలి చిన్న చదరాలుగా ఊడి వస్తుంది. ఇంకో రకంలో తెల్లబడి పీచులు పీచులుగా వస్తుంది. రెండూ బూజు జాతి పనే, రెండింటికీ కారణం తడే.

ఇక వరండా దూలానికి వేలు దూరేంత రంధ్రం ఉండి, చుట్టుపక్కల నల్లటి పెద్ద తుమ్మెద తిరుగుతుంటే కంగారు పడకండి. అది చెక్కను తినదు, గూడు కోసం తొలుస్తుంది. అది వెళ్ళాక రంధ్రం పూడిస్తే చాలు.

వాన పడ్డ సాయంత్రం ఇంటినిండా ఉసుళ్ళు. ఇంట్లో చెద ఉన్నట్టేనా?

ఉసుళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. అవి ఎక్కడినుంచి వచ్చాయన్నదే ముఖ్యం. వీధి లైటు చుట్టూ తిరిగి కిటికీలోంచి లోపలికి వస్తే అది మీ ఇంటి సమస్య కాకపోవచ్చు. కిటికీలు మూసి ఉండగా గడప సందులోంచో, ద్వారబంధం పగులులోంచో బయటికి వస్తుంటే గూడు ఇంట్లోనో, ఇంటి కిందో ఉంది. చీమలకూ రెక్కలు వస్తాయి కాబట్టి ఒకటి పట్టుకుని చూడండి. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడుగు, నడుము సన్నగా ఉండదు. అవి వచ్చిన చోటును ఫోన్లో ఫోటో తీసి పెట్టండి. తనిఖీకి దీనికి మించిన ఆధారం దొరకదు.

రంధ్రాలు పాతవా, పురుగు ఇంకా బతికుందా? ఎలా తెలుస్తుంది?

పాత రంధ్రం అంచులు మురికి పట్టి నల్లబడి ఉంటాయి, కొత్తదాని లోపల చెక్క లేత రంగులో ఉంటుంది. అనుమానంగా ఉంటే పొడి అంతా తుడిచి, రంధ్రాల మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద తేదీ రాయండి. రెండు మూడు వారాల తర్వాత టేపుకు కొత్తగా రంధ్రం పడినా, కింద పొడి కనిపించినా పురుగు బతికే ఉంది. ఏమీ కనిపించకపోతే వెంటనే నిర్ధారణకు రాకండి, కొన్ని నెలలు గమనించాలి.

నేల చెదలకైతే మట్టి గొట్టం మధ్యలో రెండంగుళాలు మాత్రం విరిచి వదిలెయ్యండి. కొద్ది రోజుల్లో మళ్ళీ కట్టేస్తే లోపల రాకపోకలు నడుస్తున్నట్టే. మేం రాకముందు గొట్టాలన్నీ చీపురుతో దులిపేసి, హిట్టో కిరసనాయిలో కొట్టి ఉంచడం మాత్రం వద్దు. ఆధారం పోతుంది, చెదలు దారి మార్చుకుని ఇంకోచోట తేలతాయి. ఇంట్లో కిరసనాయిలు చల్లితే నిప్పు ప్రమాదం కూడా.

తనిఖీకి వచ్చి అసలు ఏం చేస్తారు?

ముందు ఇంటి బయట తిరుగుతాం. వాన నీరు ఎటు పోతోంది, గోడను ఆనుకుని మట్టి ఎంత ఎత్తు ఉంది, పూలకుండీలు, పాత చెక్కముక్కలు, అట్టపెట్టెలు గోడ పక్కన పేర్చారా, ఏసీ నీళ్ళు ఎక్కడ కారుతున్నాయి అన్నవి చూస్తాం. తర్వాత మేడ పైకి వెళ్ళి నీళ్ళ ట్యాంకు, పైపులు, టెర్రస్ పగుళ్ళు చూస్తాం. ఇవన్నీ అయ్యాకే ఇంట్లో చెక్క దగ్గరికి వస్తాం.

లోపల పని ఎక్కువగా టార్చి, స్క్రూడ్రైవర్, చెవులతో నడుస్తుంది. టార్చిని చెక్కకు ఎదురుగా కాకుండా పక్కనుంచి పడేలా పట్టుకుంటే ఉబ్బులు, సొట్టలు, పెయింటు కింద ముడతలు నీడతో బయటపడతాయి. స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ వెళ్తే గట్టి చెక్క ఒక రకంగా మోగుతుంది, తిన్న చెక్క డొల్లగా మోగుతుంది. డొల్లగా ఉన్నచోట కొనతో మెల్లగా నొక్కుతాం. తర్వాత తేమ మీటర్ పెడతాం. అటక, సింకు కింద, వార్డ్‌రోబ్ వెనక పలక, పూజ గది అరలు, కిటికీ కింది పట్టె, కర్టెన్ పెల్మెట్, మెట్ల కింద సామాన్ల గది, అన్నీ చూస్తాం. రెండు పడకగదుల ఫ్లాటుకు దాదాపు రెండు గంటలు పడుతుంది. దూలాలున్న పాత ఇంటికి ఒక పూట పడుతుంది.

కనపడనిచోట ఏముందో చెప్పలేం. పలక ఊడదీయాల్సి వస్తే మిమ్మల్ని అడిగాకే తీస్తాం. చూడలేకపోయిన చోట్లను కూడా రిపోర్టులో విడిగా రాస్తాం. అలా రాయని రిపోర్టును నమ్మకండి.

మీటర్‌లో 25 చూపించింది. టెన్షన్ పడాలా?

చెక్కలో పెడితే ఆ అంకె బరువును బట్టి చెక్కలో ఉన్న తేమ శాతం. 20 శాతం లోపు ఉంటే కుళ్ళు మొదలవడం కష్టం. దానిపైన కొన్ని వారాలు అలాగే ఉంటే ప్రమాదం. 28, 30కి చేరిందంటే చెక్క పీచు నీటితో నిండిపోయినట్టే. అందుకని 25 వస్తే నీటి దారి వెతకాల్సిందే.

అదే మీటర్‌ను గోడకు పెడితే ఆ అంకెకు శాతమన్న అర్థం ఉండదు. గోడలో ఉప్పు ఉంటే, తడి తక్కువైనా మీటర్ ఎక్కువ చూపిస్తుంది. రాయపురం, బీసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు ఒడ్డు పేటల్లో ఇది మామూలే. ఒక్కచోట ఒక్కసారి చూపించిన అంకెతో ఎవరైనా గోడంతా చెక్కి ప్లాస్టరింగ్ చెయ్యాలంటే ఒప్పుకోవద్దు. గోడ పొడుగునా, కింద నుంచి పైకి చాలాచోట్ల కొలిచి, తేమ ఎటు పెరుగుతోందో చూసి మాట్లాడాలి.

మా ఇంట్లో అంతా టేకే. టేకుకు చెద పట్టదు కదా?

టేకు నడిమి చెక్కకు సహజంగానే చెదను ఆపే గుణం ఉంది. ముదురు రంగులో ఉండే చేవ అది. దాని చుట్టూ లేత రంగులో ఉండే పైచెక్కకు ఆ రక్షణ లేదు. ఈ రోజుల్లో వచ్చే చాలా టేకు తొందరగా కొట్టేసిన తోట టేకు, అందులో లేత భాగం ఎక్కువ. పాలిష్ వేశాక రంగు కలిసిపోతుంది కాబట్టి కొనేటప్పుడే పాలిష్ లేకుండా చూడాలి. తాతల కాలం నాటి బర్మా టేకు ఉయ్యాల బల్లకు ఏమీ కాకుండా, పక్కనే నిన్నమొన్న కొన్న టేకు మంచం పుచ్చిపోవడం మేం తరచూ చూస్తాం.

పుచ్చు పురుగుకు కావలసింది చెక్కలోని గంజి పదార్థం. అందుకే రబ్బరు చెక్క, మామిడి చెక్క, చౌక ప్లైవుడ్ దానికి ఇష్టం. ఎండిన చెక్కనే తింటుంది కాబట్టి తడి లేకపోయినా వస్తుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ పట్టించిన చెక్క కొంటే దీని బాధ బాగా తగ్గుతుంది. వానకు తడిసేచోట ఆ మందు కడుక్కుపోతుంది కాబట్టి అది ఇంటి లోపలికే. ప్లైవుడ్‌కైతే వంటింట్లో, బాత్రూం గోడ పక్కన ఐఎస్ 710 (నీటికి తట్టుకునే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్నది వాడండి. ఐఎస్ 303లో మామూలు రకం అక్కడ నిలవదు.

బాత్రూం తలుపు ఫ్రేము కింద మెత్తబడింది. పుట్టీ పెట్టి పెయింటు వేస్తే సరిపోదా?

సరిపోదు. చెన్నై ఫ్లాట్లలో మాకు అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

ఫ్రేము కాళ్ళు టైల్స్ కిందికి, ఫ్లోరింగ్ లోపలికి దిగి ఉంటాయి. రోజూ స్నానం నీళ్ళు టైల్ అంచు సందులోంచి దిగి ఆ కాళ్ళ చివర్లకు చేరతాయి. చెక్క చివర, అంటే కోసిన ముఖం, నీటిని పక్క ముఖాల కన్నా చాలా త్వరగా పీల్చుకుంటుంది. ఆ చివరకు ఎవరూ ప్రైమర్ వెయ్యరు. పైన ఎనామిల్ పెయింటు దట్టంగా ఉండడంతో లోపలికి వెళ్ళిన నీరు బయటికి ఆరదు. మైలాపూరులో ఒక ఇంట్లో ఫ్రేము చూడ్డానికి తళతళలాడుతోంది, నెల కిందటే పెయింటు వేశారట. కింద ఆరంగుళాల ఎత్తులో బొటనవేలితో నొక్కితే పెయింటు పొర గుంటపడి అలాగే ఉండిపోయింది. దాన్ని బ్లేడుతో కోసి తీశాం. లోపల తడి పీచు, దాని వెనక నల్లటి తుప్పుతో హోల్డ్‌ఫాస్ట్ (ఫ్రేమును గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీ), దాని పక్కనుంచి పైకి వెళ్తున్న చెద మట్టి. ఆ మట్టి గోడ అవతల పడకగది వార్డ్‌రోబ్ దాకా వెళ్ళింది. కింది అరలో మడతపెట్టిన పట్టుచీరల అడుగు మడతలు అప్పటికే పోయాయి.

చెయ్యాల్సిన పని ఇదీ. ముందు టైల్ సందులు, బాత్రూం వాలు, నీళ్ళు పోయే తూము సరిచెయ్యాలి. తర్వాత గట్టి చెక్క తగిలేదాకా ఫ్రేము కాలు కోసి, ఆ ముక్క స్థానంలో గ్రానైట్ ముక్కగానీ, చివర్లకు కూడా మందు పట్టించిన కొత్త చెక్కగానీ అతకాలి. సగం పైన పోయి ఉంటే మొత్తం తీసి గ్రానైట్ ఫ్రేము పెట్టించుకోవడం మేలు. బాత్రూంకు చెక్క ఫ్రేమే కావాలని పట్టుబట్టాల్సిన అవసరం లేదు.

మాది నాలుగో అంతస్తు. అంత పైకి చెద ఎలా వస్తుంది?

పైపుల డక్టులోంచి, కరెంటు వైర్ల గొట్టాల్లోంచి, లిఫ్టు గోడ పగుళ్ళలోంచి వస్తుంది. మధ్య అంతస్తుల వాళ్ళకు చెద కనపడకుండానే పైవాళ్ళకు తేలవచ్చు. అందుకే మీ ఒక్క ఫ్లాటుకు మందు కొట్టించి ఊరుకోకుండా అసోసియేషన్‌తో మాట్లాడి పార్కింగ్, డక్టులు, మీటర్ బోర్డు గది కూడా చూపించండి. టెర్రస్ మీద ట్యాంకు కారి ఎప్పుడూ తడిగా ఉండే ఇళ్ళలో నేలతో సంబంధం లేకుండా పైనే గూడు పెట్టిన సందర్భాలు కూడా ఉంటాయి.

జార్జ్ టౌన్‌లో మా పూర్వీకుల ఇల్లుంది. పైకప్పు దూలాలు భద్రంగానే ఉన్నాయా?

కొత్తవాల్ చావడి, గోవిందప్ప నాయకన్ వీధి చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పాత ఇళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి. వాటి పైకప్పు మద్రాసు టెర్రస్. వరసగా టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి ఐమూలగా సున్నంలో పేర్చి, ఆపైన ఇటుక కంకర సున్నం దిమ్మిస వేసిన కప్పు అది. బాగా చూసుకుంటే వందేళ్ళు దాటినా చెక్కుచెదరదు.

కింద నిలబడి చూస్తే కనిపించే దూలం నడిమి భాగం దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ప్రమాదం గోడలోకి దిగిన చివర్లలో ఉంది. పైన పగులులోంచి దిగిన వాన నీరు గోడలో నిలిచి, గాలి ఆడని ఆ చివర్లను కుళ్ళబెడుతుంది. కాబట్టి మేం నిచ్చెన వేసుకుని ప్రతి దూలం రెండు చివర్లనూ, గోడకు ఆనిన చోట, విడివిడిగా కొట్టి, నొక్కి, కొలిచి చూస్తాం. ముందు వానగొట్టం వైపు గోడ, తర్వాత బాత్రూం వైపు గోడ చూస్తాం. దూలం వంగినా, గోడ దగ్గర సున్నం రాలుతున్నా, కప్పు కింద గోధుమ రంగు మరకలున్నా ఆ గదిలో మంచం వేసుకోవద్దని మొదట చెప్తాం.

ఇలాంటి కప్పు కారుతోందని పైన సిమెంటు కాంక్రీటు పొర మీద పొర వేయించడం చాలామంది చేసే పని. దయచేసి వద్దు. బరువు పెరుగుతుంది, లోపలి తడి ఆరే దారి మూసుకుపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ, పాత కట్టడాలు చూసే స్ట్రక్చరల్ ఇంజినీరు ఇద్దరూ కావాలి. దూలం మోయగలదా లేదా అన్న లెక్క ఇంజినీరు తేల్చాలి. మేం చెక్క పరిస్థితి మాత్రమే చెప్పగలం.

ఇంటర్నెట్‌లో 'డ్రై రాట్' గురించి చదివి భయమేసింది. మాకూ అదేనా?

ఆ పేజీలు ఎక్కువగా బ్రిటన్ ఇళ్ళ గురించి రాసినవి. అక్కడ డ్రై రాట్ పేరుతో భయపెట్టే, చెక్కను కుళ్ళబెట్టే సర్పులా లాక్రిమాన్స్ అనే బూజుకు చల్లదనం కావాలి. హిమాలయ అడవుల్లో సహజంగా పెరుగుతుంది గానీ, చెన్నై వేడి దానికి పడదు. అక్కడి ఫర్నిచర్ పురుగు కూడా మన పుచ్చు పురుగు కాదు. ఇక్కడ మీరు చూడాల్సింది నీటి వల్ల వచ్చే మామూలు కుళ్ళు, రెండు రకాల చెదలు, పుచ్చు పురుగు.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఉచితంగా చూస్తామంటున్నారు. మీకు ఫీజు ఎందుకు ఇవ్వాలి?

ఉచితంగా చూసేవాళ్ళకు మందు అమ్మితేనే గిట్టుబాటు. వాళ్ళలో నిజాయితీగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా చూసేవాళ్ళు, మందు కొట్టేవాళ్ళు వేరువేరుగా ఉంటేనే మీకు మంచిదని మా అభిప్రాయం. మందు అక్కర్లేదు, ప్లంబర్‌ను పిలవండి అని చెప్పాల్సిన ఇళ్ళు మాకు తరచూ ఎదురవుతాయి. మేం మందులు అమ్మం, కొట్టం. ఫీజు ఇంటి సైజును బట్టి ముందే చెప్తాం, చెద దొరికినా దొరక్కపోయినా అంతే.

మందు కొట్టించాల్సి వస్తే ఏం అడగాలి?

1968 నాటి కీటకనాశకాల చట్టం కింద వాళ్ళకు లైసెన్సు ఉండాలి, చూపించమనండి. ఏ మందు, ఎంత శాతం కలుపుతారో బిల్లు మీద రాయించుకోండి. కట్టిన ఇంటికి చెద మందు ఎలా వెయ్యాలో ఐఎస్ 6313 మూడో భాగం చెప్తుంది. గోడ, నేల కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి మందు దించాలి, ఆపైన రంధ్రాలు మూసెయ్యాలి. గోడల మీద స్ప్రే కొట్టి వెళ్ళిపోతే అది చెద వైద్యం కాదు.

చెన్నైలో దాదాపు ప్రతి సొంతింట్లోనూ సంపు ఉంటుంది, చాలాచోట్ల బావి, బోరు కూడా ఉంటాయి. రంధ్రాలు వేసేముందు ఇవి ఎక్కడున్నాయో తప్పకుండా చూపించండి. వాటి దగ్గర నేలలోకి మందు దించనివ్వకండి. సంపు గోడకు పగులుంటే ముందు అది బాగుచేయించాలి. గర్భిణులు, చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళు పని జరిగేటప్పుడు, వాసన పోయేదాకా వేరేచోట ఉండాలి. చేపల తొట్టిని కూడా బయటికి తరలించండి.

వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చి వెళ్ళాయి. చెక్క సామాన్లన్నీ పారెయ్యాలా?

2015 డిసెంబరు వరదలప్పుడు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానప్పుడు ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో వినిపించింది. గట్టి చెక్క సామాన్లు చాలావరకు నిలుస్తాయి. బురద కడిగి, సొరుగులు, అరలు తీసి, నీడలో గాలి ఆడేలా పెట్టి మెల్లగా ఆరనివ్వండి. ఎండలో పెడితే పగుళ్ళిస్తాయి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క తురుమును, పీచును జిగురుతో అదిమి చేసిన పలకలు) ఒకసారి ఉబ్బితే మళ్ళీ మామూలు కావు, వాటి మీద ఖర్చు పెట్టకండి. గోడకు బిగించిన వార్డ్‌రోబ్‌ల వెనక పలకను తీసి తీరాలి. పైకి ఆరినట్టున్నా వెనక నెలల తరబడి తడి ఉంటుంది. తేమ 20 లోపుకు వచ్చేదాకా పెయింటు, పాలిష్ ముట్టుకోవద్దు.

షోకేసులో కొండపల్లి బొమ్మల నుంచి పొడి రాలుతోంది. ఏం చెయ్యాలి?

కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. తేలికైన మెత్తటి చెక్క, పురుగు తేలిగ్గా పడుతుంది. పొడి రాలుతున్న బొమ్మను వెంటనే పాలిథిన్ సంచిలో కట్టి మిగతావాటికి దూరంగా పెట్టండి. రెండు మూడు వారాల్లో సంచి అడుగున కొత్తగా పొడి పడితే పురుగు బతికే ఉంది. రంగుల మీద మందు స్ప్రే చెయ్యకండి, రంగు లేచిపోవచ్చు. బొమ్మ అడుగున రంగు లేనిచోట రంధ్రాల్లోకి సిరంజితో మందు ఎక్కించవచ్చు. ఆ పని తెలిసినవాళ్ళకు అప్పగించండి. షోకేసు పలకలు కూడా చూడాలి, చాలాసార్లు పురుగు అక్కడే మొదలవుతుంది.

తనిఖీ ఏ నెలలో చేయించాలి?

ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిపి వెళ్ళాక, జనవరిలో. నీళ్ళు కారిన జాడలు అప్పుడు తాజాగా ఉంటాయి. ఇల్లు కొనేవాళ్ళు మాత్రం నెల చూసుకోకుండా అడ్వాన్సు ఇచ్చేముందే చేయించాలి. అమ్మకానికి ముందు కొత్తగా పెయింటు వేసిన ద్వారబంధాలను రెండింతలు శ్రద్ధగా చూస్తాం.

మీరు వచ్చేముందు మేం ఏం చేసి పెట్టాలి?

వార్డ్‌రోబ్ కింది అరలు, సింకు కింద సామాను ఖాళీ చెయ్యండి. అటకకూ టెర్రస్‌కూ తాళాలు దగ్గర పెట్టుకోండి. ఇంతకుముందు ఎక్కడ నీళ్ళు కారాయి, ఎప్పుడు ఏ మందు కొట్టించారు అన్నవి గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను కూడా మాతో కూర్చోబెట్టండి. ముప్పై ఏళ్ళ కిందట మూసేసిన బావి ఎక్కడుందో, పాత బాత్రూం ఏ గది కింద ఉందో వాళ్ళకే తెలుస్తుంది.

అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఖర్చు ఎవరిది?

గోడలు, ద్వారబంధాలు, పైపులు ఓనర్‌వి, మీ సొంత సామాను మీది. మీ అగ్రిమెంటులో ఏం రాసుకున్నారో ముందు అది చూడండి. చెద కనిపించిన రోజే ఫోటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్ చెయ్యండి. ఆలస్యమైతే మీ బీరువా నుంచే ఇంటికి చెద పట్టిందన్న మాట వస్తుంది.

రిపోర్టు తెలుగులో ఇస్తారా?

ఇస్తాం. చాలా ఇళ్ళలో పిల్లలు ఇంగ్లీషులో, అమ్మానాన్నలు తెలుగులో అడుగుతారు, రెండూ ఇస్తాం. పని చేసే ఆశారికీ (వడ్రంగికీ) మేస్త్రీకీ ఏది కొయ్యాలో, ఎక్కడిదాకా కొయ్యాలో తమిళంలో ఒక పేజీ విడిగా రాసిస్తాం, చెక్క మీద చాక్‌పీసుతో గీతలు కూడా గీసి వెళ్తాం. నీటి పని ముగిసి చెక్క ఆరాక, మరమ్మతు మొదలుపెట్టేముందు ఒకసారి వచ్చి తేమ కొలుస్తాం. దానికి విడిగా ఫీజు లేదు.